డిశ్చార్జ్ బుక్‌లో ఎక్కని మెడల్: మాజీ సైనికుల సర్వీసు రికార్డు సవరణలో అసలు చిక్కు ఎక్కడ?

క్లుప్తంగా: సైన్యంలో మెడల్ మంజూరు కావడం ఒక పని, అది సర్వీసు రికార్డులోకి ఎక్కడం మరో పని. మొదటిది జరిగి రెండోది జరగని కేసుల్లో సవరణకు దారి ఉంది. ఆ సవరణ జిల్లా స్థాయిలో ఎవరూ చేయలేరు, సైనికుల సర్వీసు పత్రాలను దాచే సంబంధిత రికార్డ్ ఆఫీసే చేయాలి. అక్కడికి ఉత్తరం పంపే ముందు ఆ మెడల్‌కు మూలమైన ఉత్తర్వు ఏదో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

రక్షణ శాఖ పెన్షన్లు బ్యాంకుల నుంచి స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్‌కు మారిన తర్వాత ఏళ్ల తరబడి బీరువాల్లో ఉన్న డిశ్చార్జ్ బుక్కులు (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే పుస్తకాలు), పీపీవోలు (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులు) మళ్లీ బయటికొచ్చాయి. పేరులో అక్షరం సరిగ్గా ఉందా, పుట్టిన తేదీలో అంకె మారిందా అని చూసుకునే క్రమంలో చాలామంది మాజీ సైనికులకు ఇంకో సంగతి కంటపడుతోంది. యూనిఫాం మీద పెట్టుకున్న మెడల్ పుస్తకంలో లేదు. కొన్ని ఇళ్లలో ఇది భర్త పోయాక భార్యకు తెలుస్తోంది, ఇంకొన్ని ఇళ్లలో పిల్లల కాలేజీ అడ్మిషన్ల వేళ తెలుస్తోంది. అక్కడి నుంచి విజయవాడలోనో గుంటూరులోనో ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు తిరగడం మొదలవుతుంది. తిరిగేవాళ్లలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు. ఎవరి దగ్గర అధికారం ఉందో తెలియకపోవడమే ఈ తిప్పలకు పెద్ద కారణం.

రెండు రకాల మెడల్స్, రెండు వేరు దారులు

సైనిక పతకాలన్నీ ఒకే దారిలో రావు. ఈ తేడా తెలిస్తే మిగతా వ్యవహారం చాలావరకు విడిపోతుంది.

మొదటి రకం శౌర్య పతకాలు. పరమ వీర చక్ర, మహావీర చక్ర, వీర చక్రలను 1950 జనవరి 26న ఏర్పాటు చేసి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. అశోక చక్ర శ్రేణి 1952లో వచ్చింది. అందులో రెండో, మూడో తరగతులకు 1967లో కీర్తి చక్ర, శౌర్య చక్ర అని పేర్లు పెట్టారు. సేనా మెడల్, నౌసేనా మెడల్, వాయుసేనా మెడల్ 1960 నాటివి. ఇవి ఫలానా వ్యక్తి ఫలానా చోట చేసిన పనికి రాష్ట్రపతి పేరిట వచ్చే గుర్తింపులు. రాష్ట్రపతి సచివాలయం వీటిని భారత గెజిట్‌లో ప్రకటిస్తుంది. అంటే సైన్యం రికార్డులో పొరపాటున ఎక్కకపోయినా, దేశం ఎదుట అచ్చయిన సాక్ష్యం ఒకటి ఉంటుంది.

రెండో రకం సేవా పతకాలు. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్, ఆ కాలపు సేవకు సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. సియాచిన్ గ్లేషియర్ మెడల్, కార్గిల్ నాటి ఆపరేషన్ విజయ్ స్టార్, విజయ్ మెడల్, 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తర్వాతి మోహరింపుకు ఇచ్చిన ఆపరేషన్ పరాక్రమ్ మెడల్ కూడా ఈ కోవలోవే. సరిహద్దు ప్రాంతాల్లో పనిచేసినవారికి సైన్య సేవా మెడల్ ఉంది, దాని రిబ్బన్‌పై ప్రాంతాన్ని తెలిపే క్లాస్ప్ అనే చిన్న లోహపు పట్టీ ఉంటుంది. శ్రీలంకకు శాంతి సేనతో వెళ్లినవారికి స్పెషల్ సర్వీస్ మెడల్ అక్కడి క్లాస్ప్‌తో వచ్చింది. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్ల సర్వీసుకు లాంగ్ సర్వీస్ మెడల్స్ వేరే. వీటికి ఒక్కో సైనికుడి పేరుతో గెజిట్ ప్రకటన రాదు. నిర్ణీత ప్రాంతంలో నిర్ణీత కాలం యూనిట్ బలగంలో ఉన్నాడా లేదా అన్నదే అర్హత. యూనిట్ లెక్క చూసి ఉత్తర్వు రాస్తుంది.

కాబట్టి ‘మెడల్ ఎక్కలేదు’ అన్న ఫిర్యాదు ఒకటే అయినా ఆధారం వెతకాల్సిన చోటు మారిపోతుంది. శౌర్య పతకానికైతే గెజిట్. సేవా పతకానికైతే యూనిట్ ఉత్తర్వు. సేవా పతకం కోసం గెజిట్లు తిరగేస్తూ నెలలు పోగొట్టుకున్నవారు ఉన్నారంటే, ఈ తేడా వారికి చెప్పినవారు లేకపోవడమే కారణం.

పార్ట్ టూ ఆర్డర్: తీగ ఎక్కడ తెగుతుంది?

సైన్యంలో ఒక జవాను జీవితంలో జరిగే ప్రతి ముఖ్య సంఘటన పార్ట్ టూ ఆర్డర్ అనే కాగితం మీదకు ఎక్కుతుంది. బదిలీ, ప్రమోషన్, సెలవు, పెళ్లి, బిడ్డ పుట్టడం, గాయపడటం, పతకం రావడం అన్నీ అందులోకే వస్తాయి. ప్రతి ఆర్డర్‌కూ ఒక నంబరు, సంవత్సరం ఉంటాయి. దాని ప్రతి రికార్డ్ ఆఫీసుకూ, జీతాల అకౌంట్స్ ఆఫీసుకూ వెళుతుంది. రికార్డ్ ఆఫీసులో జవాను పేరిట ఉండే షీట్ రోల్ అనే మూల పత్రంలో గుమాస్తా ఆ వివరం ఎక్కిస్తాడు. సర్వీసు అయిపోయి ఇంటికి పంపేటప్పుడు ఆ షీట్ రోల్ చూసి డిశ్చార్జ్ బుక్ తయారుచేస్తారు.

భూమి వ్యవహారం తెలిసిన గుంటూరు జిల్లా రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. పట్టాదారు పాస్‌బుక్ చేతిలో ఉన్నా అసలు హక్కు నమోదయ్యేది రెవెన్యూ రికార్డులోనే. పాస్‌బుక్ మీద ఏం రాసుకున్నా 1-బి మారదు. డిశ్చార్జ్ బుక్, షీట్ రోల్ సంబంధం కూడా అలాంటిదే. పుస్తకంలో సవరణ కావాలంటే ముందు మూలంలో సవరణ జరగాలి.

ఇక తీగ తెగే చోట్లు. యుద్ధ సమయంలో జవాను తన యూనిట్ నుంచి మరో యూనిట్‌కు అటాచ్‌మెంట్ మీద వెళ్లి ఉంటాడు. సేవ చేసింది ఒకచోట, బలగం లెక్కలో ఉన్నది మరోచోట. ఎవరు ఆర్డర్ రాయాలన్న విషయంలో రెండు యూనిట్లూ ఎదుటివారిదే బాధ్యత అనుకుంటే ఎవరూ రాయరు. సేవా పతకం ప్రకటన మామూలుగా పోరాటం ముగిశాకే వస్తుంది. అప్పటికి జవాను డిశ్చార్జ్ అయి ఊరికి చేరి ఉంటే, యూనిట్ తయారుచేసే జాబితాలో అతని పేరు తప్పిపోయే అవకాశం ఎక్కువ. యూనిట్ బదిలీలో ఉన్నప్పుడు రాసిన ఆర్డర్ రికార్డ్ ఆఫీసుకు చేరకపోవడం, చేరినా లోపం ఉందని తిప్పి పంపితే మళ్లీ ఎవరూ పట్టించుకోకపోవడం కూడా జరిగేవే. కంప్యూటర్లు రాకముందు ఇదంతా చేతిరాత, టైపు మిషను మీద నడిచిన వ్యవస్థ అని గుర్తుంచుకోవాలి. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండకపోవచ్చు. కానీ ఫలితం భరించేది మాత్రం ఆ జవాను కుటుంబమే.

నంబరు మారడం ఇంకో కారణం. సిపాయిగా చేరినవాడు నాయబ్ సుబేదార్ అయితే జేసీ అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు మీద వచ్చిన పతకం కొత్త నంబరు ఫైలులోకి రాకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆంధ్ర ప్రాంతం నుంచి చాలామంది మొదటి సర్వీసు అయ్యాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరుతుంటారు. అక్కడ నంబరూ కొత్తదే, రికార్డ్ ఆఫీసూ కొత్తదే. రెండో డిశ్చార్జ్ బుక్‌లో పాత మెడల్స్ కనపడకపోతే కంగారు పడక్కర్లేదు, ముందు మొదటి పుస్తకం చూడాలి. అందులో ఉంటే అది సవరణ కేసే కాదు, రెండు రికార్డులను కలపమని అడగాల్సిన కేసు.

ఇంటిపేరు, పొడి అక్షరాలు, మారిన జిల్లా

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది పేరు దగ్గర వస్తుంది. ఊళ్లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. సైన్యంలో చేరినప్పుడు ఉత్తరాది గుమాస్తా చెవికి వినపడినట్టు రాసుకున్నది మరో రకం. వెంకటేశ్వర్లు వెంకటేశ్వరరావు అవుతాడు, ఇంటిపేరు మొదటి అక్షరంగా కుదించుకుపోతుంది, ఒక్కోసారి చివరికి వెళుతుంది. గెజిట్‌లో ఒక స్పెల్లింగ్, షీట్ రోల్‌లో ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉంటే ముగ్గురూ ఒకరేనని నిరూపించుకోవాల్సిన పని మీద పడుతుంది. ఇలాంటప్పుడు పేరు మీద వాదించడం కన్నా ఆర్మీ నంబరును పట్టుకోవడం మంచిది. గెజిట్ ప్రకటనలో పేరుతో పాటు నంబరు, ర్యాంకు, రెజిమెంటు కూడా ఉంటాయి. నంబరు సరిపోతే పేరులోని తేడాను ఒక అఫిడవిట్‌తో సర్దుబాటు చేయడం తేలిక.

జిల్లా పేరు విషయమూ ఇలాంటిదే. 1968లో చీరాల ప్రాంతం నుంచి సైన్యంలో చేరిన వ్యక్తి రికార్డులో సొంత జిల్లా గుంటూరు అని ఉంటుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తర్వాత ప్రకాశం అన్న పేరు తెచ్చుకుంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇల్లు కదలకుండానే మనిషి మూడు జిల్లాలవాడయ్యాడు. విజయవాడవారికి కృష్ణా జిల్లా ఎన్టీఆర్ జిల్లా అయింది, నరసరావుపేటవారికి గుంటూరు పల్నాడు అయింది.

2021 జూలైలో జమ్మూలోని సుందర్‌బనీ సెక్టారులో వీరమరణం పొందిన మద్రాస్ రెజిమెంట్ సిపాయి జశ్వంత్ కుమార్ రెడ్డికి మరుసటి సంవత్సరం గణతంత్ర దినాన శౌర్య చక్ర ప్రకటించారు. అప్పటి వార్తలన్నిటిలో ఆయనది గుంటూరు జిల్లా బాపట్ల ప్రాంతం. మూడు నెలలు తిరక్కుండానే అది బాపట్ల జిల్లా అయింది. పాత కాగితాల్లో జిల్లా పేరు వేరుగా ఉండటం తప్పు కాదు, దాన్ని మార్చమని అడగాల్సిన అవసరం లేదు. మారిన చిరునామాకు ఆధారం జతచేస్తే చాలు. చేరిన నాటి వివరాన్ని దిద్దించబోయి అసలు మెడల్ సంగతి వెనక్కి పోయేలా చేసుకోవడం అనవసరం.

పుస్తకంలో ముందు చూడాల్సినవి

డిశ్చార్జ్ బుక్‌లో పతకాలకు ఒక గడి ఉంటుంది. అందులో మెడల్స్ పేర్లు పొట్టి అక్షరాల్లో రాసి ఉంటాయి. అది నిజంగా నింపారా, తొందరలో వదిలేశారా అని తెలుసుకోవడానికి కొన్ని తేదీలు పనికొస్తాయి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, 1997 ఆగస్టు 15న ఉన్నవారికి స్వర్ణోత్సవ మెడల్, 2022 ఆగస్టు 15న ఉన్నవారికి 75 ఏళ్ల మెడల్ వచ్చాయి. వీటికి యుద్ధభూమితో పని లేదు, ఆరోజు సర్వీసులో ఉంటే చాలు. 1965లో చేరి 1980లో ఇంటికొచ్చిన వ్యక్తి పుస్తకంలో రజతోత్సవ మెడల్ కూడా లేదంటే, లోపం ఒక్క పతకానిది కాదని, ఆ గడి మొత్తం సరిగా నింపలేదని అనుకోవచ్చు. తొమ్మిదేళ్ల మెడల్ విషయంలోనూ ఇదే పరీక్ష. అప్పుడు ఒక్కో మెడల్‌కు ఒక్కో ఉత్తరం రాయకుండా, పతకాల నమోదు మొత్తాన్ని షీట్ రోల్‌తో సరిచూడమని అడగడం తెలివైన పని.

పుస్తకం మీద సొంతంగా పెన్ను పెట్టకూడదు. తెలిసిన రిటైర్డ్ సుబేదార్ చేత రాయించినా అది కొట్టివేత కిందే లెక్క. రికార్డ్ ఆఫీసు అధికారి సంతకం, ముద్ర లేని చేర్పు చెల్లదు సరికదా, పుస్తకం మొత్తం మీదే అనుమానం రావచ్చు.

మెడల్ చేతిలో ఉండటం కూడా రుజువు కాదు. అసలు పతకాలు చేతికందడం ఆలస్యమైనప్పుడు సైనికులు దుకాణాల్లో నమూనాలు కొనుక్కుని పరేడ్‌కు పెట్టుకోవడం సైన్యంలో అందరికీ తెలిసిన విషయం. అసలు మెడల్స్‌లో చాలావాటికి అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి ఆ అంచును చదివితే, వెతకాల్సిన రికార్డుకు అక్కడే ఒక దారి దొరకవచ్చు.

ఎవరి చేతిలో ఏముంది?

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మాజీ సైనికులను నమోదు చేసుకుంటుంది, గుర్తింపు కార్డు ఇస్తుంది, సంక్షేమ పథకాల దరఖాస్తులు పంపుతుంది. ఉత్తరం రాయడంలో సాయం చేయగలదు, పై ఆఫీసుకు సిఫారసుతో పంపగలదు. సర్వీసు రికార్డులో ఒక్క అక్షరం మార్చే అధికారం మాత్రం దానికి లేదు. గుంటూరులోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పని కొత్తవారిని చేర్చుకోవడం వరకే. మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ పని వైద్యం. కౌంటర్ దగ్గర ‘ఇక్కడ కాదు’ అన్న మాట విని చాలామంది తమను తిప్పించుకుంటున్నారని బాధపడతారు. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ ఆఫీసులకు నిజంగానే ఆ అధికారం లేదు. అయితే ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పి పంపే ఏర్పాటు ఉండి తీరాలి. పెద్ద వయసు మనిషిని మరో బస్సు ఎక్కించే ముందు సరైన చిరునామా చెప్పడం ఏ ఆఫీసుకూ భారం కాదు.

అధికారం ఉన్నది రికార్డ్ ఆఫీసుకు. అదీ అందరికీ ఒకటి కాదు. మద్రాస్ రెజిమెంట్ రికార్డులు నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంటాయి. ఆర్టిలరీవి నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌వి బెంగళూరులో. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్), ఆర్డినెన్స్ కోర్‌ల రికార్డ్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌ది కేరళలోని కన్నూరు. నౌకాదళ సెయిలర్ల రికార్డులు ముంబయిలోని కమొడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర, వాయుసేనవి ఢిల్లీ సుబ్రతో పార్క్‌లో ఉంటాయి. డబ్బుతో ముడిపడిన పతకమైతే మరో మెట్టు ఉంది. రికార్డ్ ఆఫీసు పంపే క్లెయిమ్ మీద ఆర్మీవారికి ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ల ప్రిన్సిపల్ కంట్రోలర్ కార్యాలయం సవరణ పీపీవో ఇస్తుంది. స్పర్శ్‌లో ఫిర్యాదు నమోదు చేసినా, పతకం నిజమని చెప్పాల్సింది రికార్డ్ ఆఫీసే. పోర్టల్‌లో స్టేటస్ కదలడం లేదని రోజూ చూసుకుంటూ టెన్షన్ పడేకన్నా, రికార్డ్ ఆఫీసు నుంచి క్లెయిమ్ వెళ్లిందో లేదో కనుక్కోవడం వల్ల ఫలితం ఉంటుంది.

ఒక్క మాట తేడా, నెలకు ఎంత తేడా

అన్ని మెడల్స్ సవరణలోనూ డబ్బు ఉండదు. సేవా పతకాలకు కేంద్రం నుంచి నెలవారీ భత్యం లేదు. అక్కడ దక్కేది న్యాయమైన గుర్తింపు. పదిహేనేళ్లు సరిహద్దులో గడిపిన మనిషికి అది చిన్న విషయం కాదు.

శౌర్య పతకాలకు భత్యం ఉంది. 2017 ఆగస్టు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం నెలకు పరమ వీర చక్రకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహావీర చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, శౌర్యానికి ఇచ్చిన సేనా మెడల్‌కు 2,000. పతక గ్రహీత మరణిస్తే భార్యకు ఇది కొనసాగుతుంది. చక్ర శ్రేణి పతకాలకు రైల్వే ఉచిత పాస్ కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే నగదు గ్రాంట్లు వీటికి అదనం.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది సేనా మెడల్. దీన్ని ధైర్యసాహసాలకూ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. భత్యం మొదటిదానికే. డిశ్చార్జ్ బుక్‌లో ఉత్త సేనా మెడల్ అని మాత్రమే రాసి, పక్కన శౌర్యానికి అన్న మాట లేకపోతే, పెన్షన్ ఆఫీసు దాన్ని శౌర్య పతకంగా తీసుకోదు. పతకం నమోదయ్యే ఉంది, కానీ సగమే నమోదైంది. కుటుంబం దృష్టిలో ఇది కనపడని లోపం, ఎందుకంటే పుస్తకం తెరిస్తే మెడల్ పేరు కనపడుతూనే ఉంటుంది. గెజిట్ ప్రకటనలో ఆ మెడల్ దేనికిచ్చారో రాసి ఉంటుంది. ఆ ప్రతి ఒక్కటి ఈ కేసును నిలబెడుతుంది.

మెన్షన్ ఇన్ డిస్పాచెస్, అంటే అధికారిక నివేదికలో సైనికుడి పేరును ప్రత్యేకంగా ప్రస్తావించే గుర్తింపు, సంగతి ఇంకో రకం. దానికి నెలవారీ భత్యం లేదు కాబట్టి ఎక్కకపోయినా చాలామంది పట్టించుకోరు. కానీ కేంద్రీయ సైనిక్ బోర్డు ప్రాధాన్య క్రమంలో శౌర్య పురస్కారం పొందినవారి పిల్లలు ఐదో వరుసలో, మామూలు మాజీ సైనికుల పిల్లలు ఆరో వరుసలో ఉంటారు. ఆ ఐదో వరుసలో మెన్షన్ ఇన్ డిస్పాచెస్ కూడా ఉంది. సైనిక కుటుంబాల కోటాలో వచ్చే మెడికల్ సీటు కోసం గట్టి పోటీ ఉండే చోట ఒక వరుస తేడా అంటే మాటలు కాదు. ఇంటర్ పిల్లలున్న ఇళ్లు ఈ గడిని కౌన్సెలింగ్ తేదీలు రాకముందే సరిచూసుకోవాలి, రికార్డ్ ఆఫీసు సవరణ వారాల్లో తేలే పని కాదు.

రికార్డే లేకపోతే: అక్కడ మంటలు, ఇక్కడ నిబంధన

అమెరికాలో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో చూస్తే మన దగ్గరి లోటు ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే డీడీ 214 పత్రం మన డిశ్చార్జ్ బుక్‌కు సమానం. అందులో మెడల్ తప్పిపోతే పాత పత్రాన్ని కొట్టివేసి రాయరు, డీడీ 215 అనే సవరణ పత్రాన్ని జతచేస్తారు. అక్కడితో తేలని కేసులకు ప్రతి దళానికీ రికార్డుల సవరణ బోర్డు ఉంది. పొరపాటు కనిపెట్టిన మూడేళ్లలో దానికి దరఖాస్తు చేయాలి, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువును పక్కనపెట్టగలదు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మధ్య డిశ్చార్జ్ అయిన ఆర్మీవారి రికార్డుల్లో దాదాపు 80 శాతం పోయాయి. అప్పటి నుంచి జీతం వోచర్లు, యూనిట్ రోజువారీ నివేదికల వంటి పక్క ఆధారాలతో సర్వీసును తిరిగి నిర్మించే పద్ధతి అక్కడ స్థిరపడింది.

మన దగ్గర అంత పెద్ద మంట అక్కర్లేకుండానే రికార్డులు పోతాయి. పెన్షన్ రాని స్థితిలో బయటికొచ్చిన జవాన్ల సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తర్వాత తొలగించవచ్చని ఆర్మీ నిబంధనలే చెబుతున్నాయి. 1962 తర్వాత పెద్ద ఎత్తున చేరి, 1971 యుద్ధం చూసి, కొద్ది ఏళ్లకే ఇంటికొచ్చినవారిలో పెన్షన్ లేనివారికి ఇది గట్టి దెబ్బ. షీట్ రోల్ పోయినా లాంగ్ రోల్ అనే రిజిస్టరు మిగులుతుంది. అందులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ వంటి కొద్ది వివరాలే ఉంటాయి. పతకం వివరం అందులో దొరకకపోవచ్చు.

అలాంటప్పుడు దారులు సన్నబడతాయి గానీ పూర్తిగా మూసుకుపోవు. యూనిట్ చరిత్ర, వార్ డైరీలు రక్షణ శాఖ చరిత్ర విభాగానికి చేరతాయి. 2021లో ప్రకటించిన విధానం ప్రకారం వాటిని భద్రపరచడం, పాతవాటిని రహస్య జాబితా నుంచి తీయడం ఒక క్రమంలో జరగాలి. వార్ డైరీ ప్రతి జవాను పేరూ చెప్పదు, యూనిట్ ఆ తేదీన ఆ రంగంలో ఉందని చెబుతుంది. లాంగ్ రోల్ ఆ జవాను ఆ తేదీన సర్వీసులో ఉన్నాడని చెబుతుంది. యూనిట్ పేరు, తేదీ ఉన్న పాత ఉత్తరమో బదిలీ కాగితమో మూడోది చెబుతుంది. మూడూ కలిస్తే సేవా పతకానికి కేసు నిలబడే అవకాశం ఉంది. అమెరికాలో ఇలాంటి పునర్నిర్మాణం సంస్థ చేసే పని. ఇక్కడ అది ఆ కుటుంబం మీద పడుతోంది. విధానంలో దిద్దుకోవాల్సిన లోటు ఇదే.

ఉత్తరంలో ఏముండాలి?

రికార్డ్ ఆఫీసుకు రాసే ఉత్తరం పొడవుగా ఉండక్కర్లేదు. నంబరు, ర్యాంకు, పూర్తి పేరు రికార్డులో ఉన్నట్టే, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, ఆ పతకానికి సంబంధించిన కాలంలో ఉన్న యూనిట్, ప్రాంతం ముందు రాయాలి. ‘నాకు మెడల్ ఇప్పించండి’ అన్న వాక్యం కేసును చెడగొడుతుంది, ఎందుకంటే అది కొత్త పతకం అడిగినట్టు ఉంటుంది. పతకం కొత్తగా మంజూరు చేయడం రికార్డ్ ఆఫీసు పని కాదు. ‘ఫలానా ఉత్తర్వు ద్వారా వచ్చిన ఫలానా పతకం నా షీట్ రోల్, డిశ్చార్జ్ బుక్‌లో నమోదు కాలేదు, నమోదు చేయగలరు’ అని రాయాలి. డిశ్చార్జ్ బుక్, పీపీవో, గెజిట్ లేదా పార్ట్ టూ ఆర్డర్, ఆధార్ నకళ్లు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. అసలు డిశ్చార్జ్ బుక్‌ను వారు అడిగినప్పుడే, అదీ ప్రతి పేజీ నకలు తీసుకున్నాకే పంపాలి.

ఉత్తర్వు నంబరు తెలియనివారు ముందు సమాచార హక్కు చట్టం కింద షీట్ రోల్ ప్రతి, పతకాల పార్ట్ టూ ఆర్డర్ల ప్రతులు అడగవచ్చు. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. సైనికుడు మరణించి ఉంటే భార్య, పిల్లలు బంధుత్వ రుజువు, మరణ ధ్రువపత్రం జతచేసి అడగవచ్చు. మెడల్ ఎక్కిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరం ఈ మొత్తంలో ఎక్కడా లేదు.

ఒక హద్దు మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. కమాండింగ్ ఆఫీసర్ శౌర్య పతకానికి సిఫారసు చేశారని విన్నాం, రాలేదు అన్న కేసు రికార్డు సవరణ కిందకు రాదు. సిఫారసు వేరు, మంజూరు వేరు. ఎవరి సాహసానికి ఏ పతకం అన్న నిర్ణయంలో కోర్టులు కూడా సాధారణంగా వేలు పెట్టవు.

జవాబు రాకపోతే

2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ 2009 నుంచి పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. ముందు రికార్డ్ ఆఫీసుకు విజ్ఞప్తి చేసి ఉండాలి. తిరస్కరిస్తూ తుది ఉత్తర్వు వస్తే ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆరు నెలలు గడిచినా అసలు జవాబే రాకపోతే ఆ మౌనం మీద కూడా వెళ్లవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అందుకే స్పీడ్ పోస్టు రసీదు అంత ముఖ్యం, గడువు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

బకాయిల విషయంలో ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో ముందే తెలుసుకోవాలి. నెలనెలా అందాల్సిన పెన్షన్ అందకపోవడం కొనసాగుతున్న అన్యాయం కాబట్టి ఆలస్యమైందని కేసు కొట్టేయనక్కర్లేదని, అయితే బకాయిలను మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేయాలని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అది వైకల్య పెన్షన్ కేసు. శౌర్య పతక భత్యం కూడా నెలనెలా అందాల్సిందే కాబట్టి, ట్రిబ్యునల్ ముందు ఇదే వాదన ఎదురయ్యే అవకాశం ఉంది. ఆ లెక్కన శౌర్యానికి వచ్చిన సేనా మెడల్ భత్యం ఇరవై ఏళ్లుగా రాకపోయినా, కేసు గెలిచిన కుటుంబానికి వెనకటి మూడేళ్ల డబ్బే చేతికి రావచ్చు. దరఖాస్తు ఆలస్యమైన ప్రతి నెలా, ఆ నెల భత్యం శాశ్వతంగా చేజారే ప్రమాదం ఉంది.